సెల్లుతో రాబడి ఎంత? చిల్లు ఎంత?

రాత్రి తొమ్మిది గంటలు. మదనపల్లె దగ్గర ఒక పల్లెలో టమోటా కాయ కోసి, క్రేట్లకు ఎత్తి, చింతచెట్టు కింద పేర్చి పెట్టారు. తెల్లవారేలోగా బండి ఎక్కాలి. ఏ మార్కెట్టుకు పంపాలన్నది ఇంకా తేలలేదు. రైతు జేబులోంచి సెల్లు తీశాడు.

"మామా, ఈపొద్దు రేటు ఎట్లుండె?"

"నిన్నటి మాదిరి లేదప్పా. కాయ శానా వచ్చింది. దిగింది."

"కోలారులో?"

"ఆడ బాగుందంటా ఉండారు. అయితే బాడుగ చూసుకో మరి."

రెండు నిమిషాల మాట. పాతికేళ్ల కిందట ఈ మాట తెలుసుకోవాలంటే మనిషి బస్సెక్కి వెళ్లి రావాల్సిందే. ఈలోపు కాయ మెత్తబడేది. ఇప్పుడు ఆ ఖర్చు లేదు, ఆ ఆలస్యమూ లేదు. 1995 జూలై 31న మన దేశంలో మొదటి సెల్ ఫోన్ మాట కలకత్తా, ఢిల్లీల మధ్య నడిచింది. ఆ రోజుల్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. వచ్చిన ఫోను ఎత్తినా డబ్బు కట్టాల్సిందే. 2003 నుంచి వచ్చే ఫోన్లు ఉచితమయ్యాయి. 2022 అక్టోబరు 1న 5జీ కూడా వచ్చింది. నెట్‌వర్కు లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్ల రూపాయలతో పథకాన్ని 2022 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది.

ఇన్ని కోట్లు ఈ రంగంలో తిరుగుతున్నాయి. మరి ఇందులో రెండెకరాల రైతుకు దక్కేదేమిటి? ఆయన నెలనెలా రీచార్జికి డబ్బు కడుతున్నాడు. తిరిగి ఆయన జేబులోకి ఏమైనా వస్తోందా? వస్తే ఏ దారిన వస్తోంది? ఏ దారిన పోతోంది? రైతు సోదరులు ఒకసారి నింపాదిగా లెక్క చూసుకోవాల్సిన విషయమిది.

ఎస్టీడీ బూతు నేర్పిన పాఠం

పసుపు రంగు బోర్డు మీద ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీఓ అని నల్లక్షరాలతో రాసిన బూతులు పెద్దవాళ్లందరికీ గుర్తుండే ఉంటాయి. ఊళ్లో ఫోను ఒక్కటే ఉన్నప్పుడు, ఆ ఒక్కటి ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు కమీషను వచ్చేది. ఎంతోమంది చదువుకున్న పిల్లలు, వికలాంగులు ఆ బూతు మీద బతికారు. సెల్లు ఇంటింటికీ వచ్చాక బూతులు మూతపడ్డాయి.

పక్కనున్న బంగ్లాదేశ్‌లోనూ ఇదే జరిగింది. 1997లో అక్కడ గ్రామీణ్ ఫోన్ మొదలైంది. గ్రామీణ్ బ్యాంకు పేద మహిళలకు అప్పిచ్చి ఒక సెల్ ఫోను కొనిపించింది. ఊళ్లోవాళ్లు వాళ్లింటికి వచ్చి మాట్లాడుకుని నిమిషానికి ఇంత అని ఇచ్చేవారు. ఆ మహిళలకు మంచి రాబడి వచ్చింది. ప్రపంచమంతా వాళ్లను మెచ్చుకుంది. కానీ కొన్నేళ్లకే అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. వాళ్ల దగ్గరికి వచ్చి మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. రాబడీ తగ్గిపోయింది.

దీన్నిబట్టి రైతు గ్రహించాల్సింది ఒకటుంది. ఫోను సేవను అమ్మి సంపాదించే డబ్బు కొద్దికాలమే ఉంటుంది. కొత్తది వచ్చినప్పుడు గిరాకీ ఉంటుంది, అందరికీ వచ్చేసరికి పోతుంది. కాబట్టి సిమ్ములు అమ్మే ఏజెన్సీ అనో, ఏదో కొత్త ఆప్‌లో మనుషుల్ని చేర్పిస్తే కమీషను అనో ఎవరైనా చెప్పి ముందుగా డిపాజిట్టు అడిగితే పదిసార్లు ఆలోచించాలి. మన సొంత సేద్యంలో, మన సరుకు అమ్మకంలో ఫోనును పనిముట్టుగా వాడితే వచ్చేది తక్కువే. కానీ అది నిలిచే డబ్బు. పార మనది, పొలం మనది అన్నట్టు.

ధర తెలిస్తే డబ్బులొస్తాయా?

కేరళ ఉత్తర తీరంలో కాసరగోడు, కన్నూరు, కోజికోడు జిల్లాల మత్స్యకారుల సంగతి చూద్దాం. 1997 నుంచి 2001 మధ్య ఆ తీరం వెంబడి సెల్ టవర్లు వచ్చాయి. ఒడ్డు నుంచి 20, 25 కిలోమీటర్ల దాకా సముద్రం మీద కూడా సిగ్నల్ అందేది. అంతకుముందు పడవ ఏ ఒడ్డుకు చేరితే అక్కడే చేప అమ్ముకోవాలి. ఒక ఒడ్డులో సరుకు మిగిలిపోయి పారబోసేవారు. పది పదిహేను కిలోమీటర్ల అవతల ఇంకో ఒడ్డులో కొనేవాళ్లు చేప దొరక్క ఉత్తచేతులతో వెళ్లిపోయేవారు.

సెల్లు వచ్చాక పడవలోంచే ఫోను చేసి, ఎక్కడ గిరాకీ ఉందో కనుక్కుని అటు తిప్పేవారు. రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త దీనిని పరిశీలించి 2007లో వివరాలు ప్రచురించారు. మత్స్యకారుల లాభం సుమారు 8 శాతం పెరిగింది. కొనేవాళ్లకు చేప ధర సుమారు 4 శాతం తగ్గింది. అంతకుముందు పట్టినదాంట్లో 5 నుంచి 8 శాతం దాకా వృథాగా పోయేది. ఆ వృథా ఆగిపోయింది. అమ్మేవాళ్లూ బాగుపడ్డారు, కొనేవాళ్లూ బాగుపడ్డారు.

ఇది చదివి, ధర తెలిస్తే చాలు, మనకూ లాభమే అనుకోకూడదు. మహారాష్ట్రలో దీనికి ఎదురు అనుభవం ఉంది. అక్కడ 100 గ్రామాల్లో రైతుల సెల్లుకు మార్కెట్ ధరలు, వాతావరణం, పంట సలహాలు మెసేజీల రూపంలో ఏడాదిపాటు ఉచితంగా పంపించి చూశారు. టమోటా, ఉల్లి, దానిమ్మ, సోయా, గోధుమ పండించే రైతులు వాళ్లు. ఈ ఫలితాలను ఫాఫ్‌షాంప్, మింటెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో ప్రచురించారు. మెసేజీలు అందుకున్నవాళ్లకూ, అందనివాళ్లకూ పలికిన ధరలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

చేపకు లాభం తెచ్చిన ఫోను టమోటాకు ఎందుకు తేలేదు? మన ఊళ్లో పరిస్థితి చూస్తే కొంత అర్థమవుతుంది. పడవ మత్స్యకారుడి చేతిలోనే ఉంటుంది. చుక్కాని తిప్పితే పక్క ఒడ్డుకు చేరుతుంది. రైతుకు బండి సొంతం కాదు. పది మంది సరుకు ఎక్కించుకునే బండి ఏ మార్కెట్టుకు పోతే అక్కడికే పోవాలి. అంతకన్నా పెద్ద ముడి అప్పు. నారుకు, కట్టెలకు, మందులకు మండీ యజమాని దగ్గర ముందే డబ్బు తెచ్చుకుని ఉంటే కాయ అతని మండీకే తోలాలి. పక్క మార్కెట్లో కిలోకు 5 రూపాయలు ఎక్కువ ఉందని సెల్లు చెప్పినా ఏం లాభం? విని ఊరుకోవాల్సిందే.

కాబట్టి ధర తెలియడం సగం పనే. ఇంకో చోటుకు పోగలగడం మిగతా సగం. ఈ రెండో సగానికి కూడా సెల్లును వాడుకోవచ్చు. ఊళ్లో అయిదారుగురు రైతులు కలిసి ఒకేరోజు కోత పెట్టుకోవాలి. అందరి సరుకూ ఒక బండికి సరిపడా అయితే బండి మన మాట వింటుంది. ఆ కూడిక సెల్లులో పది నిమిషాల పని. మండీ అప్పు బదులు బ్యాంకు నుంచి పంట రుణమో, సంఘం నుంచి పొదుపు రుణమో తెచ్చుకున్న రైతుకు ధర మెసేజీ నిజంగా పనికొస్తుంది.

లెక్క ఇలా కట్టుకోవాలి

రెండు మార్కెట్ల ధరలు పోల్చేటప్పుడు ముందుగా తూకం ఒకటి చేసుకోవాలి. కోలారులో టమోటా ధర 15 కిలోల బాక్సుకు చెబుతారు. ఇంకోచోట పెద్ద క్రేటుకు చెబుతారు. మరోచోట కిలోకు చెబుతారు. బాక్సు ధర విని మోసపోవద్దు. అన్నీ కిలోకు మార్చుకున్నాకే పోల్చాలి.

లెక్క తెలియడానికి ఒక ఉదాహరణ చూద్దాం. మీ దగ్గర 1,000 కిలోల కాయ ఉందనుకోండి. దగ్గరి మార్కెట్లో కిలో 12 రూపాయలు, దూరం మార్కెట్లో 14 రూపాయలు. రెండు చోట్లా కమీషను వగైరాలు నూటికి పది పోతాయనుకుందాం. బాడుగ దగ్గరికి కిలోకు 80 పైసలు, దూరానికి 1 రూపాయి 80 పైసలు.

దగ్గరి మార్కెట్: 12 రూపాయల్లో కమీషను 1.20, బాడుగ 0.80 పోను మిగిలేది 10 రూపాయలు.

దూరం మార్కెట్: 14 రూపాయల్లో కమీషను 1.40, బాడుగ 1.80 పోను మిగిలేది 10 రూపాయల 80 పైసలు.

కిలోకు 2 రూపాయల తేడా అని సంబరపడినా, చేతికి వచ్చే తేడా 80 పైసలే. మొత్తం మీద 800 రూపాయలు. బండి చేరేసరికి దూరం మార్కెట్లో ధర ఒక్క రూపాయి దిగిందనుకోండి. అప్పుడు మిగిలేది 9 రూపాయల 90 పైసలు. 800 లాభం పోయి 100 రూపాయల నష్టం వస్తుంది. అందుకని బండి కదిలే ముందు ఒక్కరి మాట కాకుండా ఇద్దరిని అడగాలి. వాళ్లలో ఒకరు సరుకు అమ్ముకుని తిరిగి వస్తున్న రైతయితే మరీ మంచిది. ఎందుకంటే ఆయన చెప్పేది పలికిన ధర. మండీవాళ్లు చెప్పేది పిలిచే ధర.

2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ పద్ధతిలో చేరిన మార్కెట్ల ధరలు ఫోనులోనే చూసుకోవచ్చు. నిజామాబాద్, దుగ్గిరాల పసుపు రైతులకు ఇది బాగా తెలిసిన సంగతే. అక్కడ కనిపించే కనిష్ఠ ధర, గరిష్ఠ ధర రెండూ చూసి, మన సరుకు నాణ్యత ఏ వరసలోకి వస్తుందో నిజాయితీగా అంచనా వేసుకోవాలి. అందరికీ గరిష్ఠ ధర రాదు కదా!

బోరు దగ్గరి సెల్లు

ఇంట్లో కూర్చుని మోటారు ఆన్, ఆఫ్ చేసే సెల్ స్టార్టర్లు చాలా ఊళ్లకు వచ్చాయి. స్టార్టరు డబ్బాలో ఒక సిమ్ము ఉంటుంది. దానికి ఫోను చేస్తే మోటారు ఆడుతుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది. కరెంటు వచ్చిందీ పోయిందీ మెసేజీ పంపే రకాలు కూడా ఉన్నాయి. రాత్రిపూట కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయబోయి పాము కరిచి, షాకు కొట్టి పోయిన రైతుల సంగతి మనకు కొత్త కాదు. ఆ ముప్పు తప్పడమే మొదటి లాభం.

రెండోది తిరుగుడు ఖర్చు. పొలం ఇంటికి 2 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. మోటారు కోసమే రోజుకు రెండుసార్లు బండి మీద పోయి వస్తే 8 కిలోమీటర్లు. లీటరుకు 40 కిలోమీటర్లు ఇచ్చే బండికి, లీటరు పెట్రోలు 110 రూపాయలనుకుంటే, రోజుకు 22 రూపాయలు. వంద రోజుల పంటకు 2,200 రూపాయలు. స్టార్టరు ఖరీదు కొన్ని వేల రూపాయలే కాబట్టి రెండు మూడు పంటల్లో డబ్బు తిరిగి రావచ్చు. పొలం ఇంటి పక్కనే ఉన్నవాళ్లకు మాత్రం అంత అవసరం లేదు.

కొనేముందు ఈ నాలుగు సంగతులు అడిగి తెలుసుకోవాలి.

మొదటిది నెట్‌వర్కు. పాత స్టార్టర్లు చాలావరకు 2జీ మీద పనిచేసేవి. జియోలో 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ము వాటిలో పనిచేయదు. మీ బోరు దగ్గర ఏ కంపెనీ సిగ్నల్ బాగా అందుతుందో ముందు మీ ఫోనుతోనే చూసుకుని, దానికి తగిన 4జీ స్టార్టరు తీసుకోవడం మేలు.

రెండోది రీచార్జి. స్టార్టరు సిమ్ముకు ఇంటర్నెట్ అక్కర్లేని రకాలే ఎక్కువ. మాటలు, మెసేజీలు మాత్రమే ఉండే ప్యాకులు విడిగా ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. 365 రోజుల గడువు దాకా ఇలాంటి ప్యాకులు పెట్టవచ్చు. దుకాణంలో ఆ ప్యాకే కావాలని గట్టిగా అడగాలి. అడగకపోతే నెట్ ప్యాకు అంటగడతారు.

మూడోది రక్షణ. ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు అయిపోయినా మోటారు తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. అది లేకుంటే ఇంట్లో కూర్చుని మోటారు కాల్చుకున్నట్టే.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. బోరు దగ్గర మనిషి మరమ్మతు చేస్తుంటే, ఇంటి దగ్గర పిల్లవాడు తెలియక ఫోను నొక్కితే ప్రాణం పోతుంది. వైర్లు ముట్టుకునే ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవాలి. 'ఫోను నా దగ్గరే ఉందిలే' అనుకోకూడదు.

ఇంకో మాట. కరెంటు రాగానే తనంతట తాను మోటారు వేసే ఆటో స్టార్టరు వేరు, ఈ సెల్ స్టార్టరు వేరు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులకు చెప్పింది అందుకే. మడి నిండినా మోటారు ఆడుతూనే ఉంటుంది, భూగర్భ జలం అడుగంటుతుంది. సెల్ స్టార్టరు ఉన్న రైతు మోటారు వేయడమే కాదు, సమయానికి ఆపడం కూడా నేర్చుకుంటేనే నీరు మిగులుతుంది.

పొలంలో టవరు: కొందరికే రాబడి, ఎందరికో టోపీ

"మీ పొలం 5జీ టవరుకు ఎంపికైంది. లక్షల్లో అడ్వాన్సు, నెలకు వేలల్లో అద్దె, ఇంట్లో ఒకరికి ఉద్యోగం." ఇలాంటి మెసేజీ మీకు గానీ, మీ బంధువులకు గానీ వచ్చే ఉంటుంది. ఫోను చేస్తే చక్కగా తెలుగులో మాట్లాడతారు. పాసుపుస్తకం, ఆధార్ ఫొటోలు పంపమంటారు. స్టాంపులు, ముద్రలు వేసిన కాగితం పంపుతారు. ఆ తర్వాత అసలు కథ మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు అంటారు. అది కట్టాక ప్రభుత్వ అనుమతి ఫీజు అంటారు. అదీ కట్టాక జీఎస్టీ అంటారు. కట్టినది పోతుందేమోనన్న భయంతో రైతు అప్పు తెచ్చి మరీ కడతాడు. చివరికి ఆ నంబరు పనిచేయదు.

ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. నిజమైన కంపెనీ టవరు పెట్టడానికి రైతుకు డబ్బిస్తుంది, రైతు దగ్గర పైసా తీసుకోదు. టవరు కోసం ట్రాయ్ గానీ, టెలికాం శాఖ గానీ రైతు దగ్గర ఫీజు, పన్ను వసూలు చేయవు. ఈ సంగతి ఆ రెండు సంస్థలూ ప్రకటనల్లో పదే పదే చెప్పాయి. టవర్లు పెట్టేందుకు నమోదైన కంపెనీల జాబితా టెలికాం శాఖ వెబ్‌సైటులో ఉంటుంది. మీ సేవ కేంద్రంలోనో, చదువుకున్న పిల్లల చేతనో చూపించుకోవచ్చు.

టవరు ఎక్కడ పెట్టాలన్నది రైతు దరఖాస్తును బట్టి కాదు, సిగ్నల్ అవసరాన్ని బట్టి కంపెనీ ఇంజనీర్లు తేలుస్తారు. మనుషులు వచ్చి స్థలం చూస్తారు, కొలతలు తీస్తారు, దారి చూస్తారు. మనిషి రాకుండా ఫోనులోనే పొలం ఎంపికైందంటే అది మోసమని తెలుసుకోవాలి.

నిజంగానే కంపెనీ వచ్చిందనుకోండి. కొద్ది సెంట్ల జాగాకు నెలనెలా అద్దె రావడం చిన్న రైతుకు మంచి ఆసరా. వాన ఉన్నా లేకున్నా వచ్చే డబ్బు అది. అయితే అద్దె ఇంత అని ప్రభుత్వం నిర్ణయించదు. బేరం మీదే. సంతకం పెట్టే ముందు ఈ సంగతులు ఒప్పందంలో ఉన్నాయో లేదో తెలిసినవాళ్లచేత చదివించుకోండి.

అద్దె ఎంత, ఎన్నేళ్లకొకసారి ఎంత శాతం పెరుగుతుంది. లీజు ఎన్నేళ్లు. మధ్యలో వెళ్లిపోయే హక్కు కంపెనీకి మాత్రమే ఉందా, రైతుకు కూడా ఉందా. వెళ్లేటప్పుడు టవరు, కాంక్రీటు దిమ్మెలు తీసి నేలను చదును చేసి ఇస్తారా. కరెంటు బిల్లు, పన్నులు, భూమిని వ్యవసాయేతర పనికి వాడినందుకు వచ్చే ఖర్చులు ఎవరివి. డీజిలు బండి వచ్చే దారి ఎంత వెడల్పు, ఆ దారికి అద్దె ఉందా. ఇంకో కంపెనీ పరికరాలు అదే టవరు మీద పెడితే రైతుకు అదనంగా ఏమైనా ఇస్తారా.

ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఉమ్మడి భూమి అయితే హక్కుదారులందరూ సంతకం పెట్టాలి, లేకుంటే అన్నదమ్ముల మధ్య తగాదాలొస్తాయి. భూమి బ్యాంకులో తనఖా ఉంటే బ్యాంకుకు ముందే చెప్పాలి. అసలు పాసుపుస్తకం ఎవరి చేతికీ ఇవ్వవద్దు, నకలు చాలు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. టవరు అద్దె వ్యవసాయ ఆదాయం కిందికి రాదు. ఆదాయపు పన్ను లెక్కలో దాన్ని విడిగా చూపించాలి.

నేరుగా అమ్మకం, నేరుగా డబ్బు

మామిడి, బత్తాయి, నాటుకోళ్లు, దేశవాళీ బియ్యం, కూరగాయలు కొద్దిగా పండించేవారికి సెల్లు ఇంకో దారి చూపుతోంది. పట్నంలో ఉన్న మన ఊరివాళ్లు, బంధువులు, వాళ్ల అపార్టుమెంటువాళ్లు ఒక వాట్సాప్ గ్రూపుగా ఉంటారు. కాయ కోయకముందే "ఈ శనివారం ఇన్ని పెట్టెలు వస్తాయి, ధర ఇంత" అని ఫొటోతో పెడితే, ఎవరికెన్ని కావాలో ముందే తెలుస్తుంది. కోసిన సరుకంతా అమ్ముడుపోతుంది. సంతలో కూర్చుని సాయంత్రానికి సగం ధరకు ఇచ్చివచ్చే బాధ ఉండదు.

అయితే దీనికి మాట నిలకడ కావాలి. మొదటి పెట్టెలో మంచి కాయ, మూడో పెట్టెలో పుచ్చుకాయ పంపితే ఆ గ్రూపు ఆ ఏడాదితో సరి. మొత్తం పంటను ఈ దారిన అమ్మడం కష్టం. పదో వంతు అమ్మినా, ఆ పదో వంతుకు మంచి ధర వస్తుంది కదా.

డబ్బు కూడా ఫోనులోనే వచ్చేస్తుంది. యూపీఐ 2016లో వచ్చింది. బటన్ల ఫోను ఉన్నవాళ్లు కూడా వాడుకునేలా 2022 మార్చిలో యూపీఐ 123పే అని తెచ్చారు. పాలకేంద్రం బిల్లు, కాయల డబ్బు బ్యాంకు ఖాతాలో పడితే ఒక సౌకర్యం ఉంది. ఏ నెలలో ఎంత వచ్చిందో బ్యాంకు పుస్తకంలో రాతపూర్వకంగా ఉంటుంది. రేపు రుణం అడిగినప్పుడు ఆ రాత చూపించవచ్చు. మండీ చీటీకి అంత విలువ ఉండదు.

పంటకు తెగులు వచ్చినప్పుడు మందుల దుకాణానికి పరుగెత్తే ముందు కిసాన్ కాల్ సెంటరుకు ఫోను చేయండి. 2004 జనవరి నుంచి నడుస్తున్న సేవ ఇది. నంబరు 1800-180-1551. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు పడదు. అక్కర్లేని మందు ఒక్కటి తప్పినా ఆ ఏడాది రీచార్జి డబ్బు తిరిగి వచ్చినట్టే.

చిల్లులు పూడ్చుకోవాలి

కుండలో నీళ్లు పోస్తూ ఉన్నా, అడుగున చిల్లు ఉంటే నిండదు. సెల్లులో రైతు డబ్బు కారిపోయే చిల్లులు ముఖ్యంగా మూడు.

అడగని సేవలు మొదటి చిల్లు. పాటలు, జాతకాలు, ఆటలు అంటూ మనకు తెలియకుండానే మొదలై బ్యాలెన్సు కోసేస్తాయి. వినియోగదారుడు రెండుసార్లు ఒప్పుకుంటేనే ఇలాంటి సేవ మొదలుపెట్టాలని ట్రాయ్ 2013లో ఆదేశించింది. వద్దనుకుంటే 155223కి ఫోను చేసి ఆపేయించుకోవచ్చు.

రీచార్జి ఆగిపోవడం రెండో చిల్లు. ఆధార్‌కు, బ్యాంకుకు, పీఎం కిసాన్‌కు ఇచ్చిన నంబరును ఎక్కువ రోజులు వాడకుండా వదిలేస్తే అది రద్దవుతుంది. తర్వాత దాన్ని వేరేవాళ్లకు ఇస్తారు. మన ఓటీపీ వాళ్లకు పోతుంది. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు వచ్చే రైతు చిన్న రీచార్జి మానేసి ఆ డబ్బు కోసం తిప్పలు పడటం తెలివైన పని కాదు. నంబరు మార్చుకుంటే బ్యాంకులో, ఆధార్ కేంద్రంలో వెంటనే మార్పించుకోవాలి.

మూడోది పిన్ను. "మీకు డబ్బు పంపుతున్నాం, పిన్ను కొట్టండి" అని ఎవరైనా అంటే ఫోను పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ను కొట్టక్కర్లేదు. పిన్ను కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. పొరపాటున పోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చెబితే డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. తెల్లారాక చూద్దామనుకుంటే చేయి దాటిపోతుంది.

గుర్తుంచుకోవలసినవి

ధర అడిగేటప్పుడు కిలో లెక్కకు మార్చి, బాడుగ, కమీషను తీసేసి పోల్చండి.

అయిదారుగురు కలిసి బండి మాట్లాడుకోండి. మండీ అప్పు తగ్గించుకోండి. అప్పుడే ధర కబురు పనికొస్తుంది.

సెల్ స్టార్టరు కొనేముందు బోరు దగ్గర సిగ్నల్ చూడండి. మరమ్మతు సమయంలో ఫ్యూజులు పీకండి.

టవరు పేరుతో ఎవరు డబ్బు అడిగినా అది మోసమే.

ఆధార్, బ్యాంకులకు ఇచ్చిన నంబరు పోగొట్టుకోకండి. డబ్బు పోతే వెంటనే 1930.

ఇక మొదట చెప్పుకున్న మదనపల్లె రైతు దగ్గరికి వస్తే, ఆయన తన 20 క్రేట్లతో ఒక్కడే కోలారుకు పోలేడు. అదే పక్క తోటల్లోని నలుగురికి సాయంత్రమే ఫోను చేసి ఉంటే బండి నిండేది, బాడుగ తగ్గేది, ఏ మార్కెట్టుకు పోవాలో వాళ్లే తేల్చుకునేవారు. సెల్లులో అందరికన్నా ముందు ఫోను చేయాల్సింది మండీకి కాదు, గట్టు పక్క రైతుకు.